కారు ఏసీ చల్లగా లేదంటే గ్యాస్ అయిపోయినట్టేనా?

కొన్నేళ్ల కిందట నా కారులో ఒక విచిత్రం మొదలైంది. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు చలికి చేతులు ముడుచుకునేవాళ్లు, స్టీరింగ్ దగ్గర నాకు మాత్రం చెమటలు. వర్క్‌షాపుకి తీసుకెళితే నా మాట పూర్తవకముందే "గ్యాస్ తగ్గిందండీ, నింపేద్దాం" అన్నారు. నింపారు. తేడా లేదు. నెల తిరక్కుండా మళ్లీ వెళితే మళ్లీ నింపారు. ఈసారి ఉన్న చల్లదనం కూడా పోయింది. ట్రాఫిక్‌లో బండి ఆగితే చాలు, కంప్రెసర్ దానంతటదే ఆగిపోయేది.

మూడోసారి చూసినాయన అసలు బానెట్ ఎత్తలేదు. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచమన్నారు. పెడల్స్ పక్కన తల పెట్టి, టెంపరేచర్ మెల్లగా పెంచుతూ తగ్గిస్తూ ఉండమన్నారు. నాబ్ తిప్పినప్పుడల్లా డాష్‌బోర్డు లోపల టిక్ టిక్ టిక్ మని పది సెకన్ల పాటు చప్పుడొచ్చి ఆగేది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద మోటారొకటి విప్పి నా చేతిలో పెట్టారు. లోపల తెల్లటి ప్లాస్టిక్ పళ్లచక్రానికి మూడు పళ్లు ఊడిపోయి ఉన్నాయి. తర్వాత గ్యాస్ బయటకు తీసి తూచితే, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసిన బరువు కంటే దాదాపు మూడో వంతు ఎక్కువ తేలింది. లేని రోగానికి రెండుసార్లు వేసిన మందు అది.

అప్పటి నుంచీ ఎవరైనా "కూలింగ్ రావట్లేదు" అంటే నేను ముందు ఇంకో ప్రశ్న అడుగుతాను: ఎప్పుడు రావట్లేదు, ఎటువైపు రావట్లేదు? ఎందుకంటే కారు ఏసీ అని మనం ఒక్క పేరుతో పిలిచేదానిలో నాలుగు వేర్వేరు పనులు జరుగుతుంటాయి. గాలిని తోయడం ఒకటి, చలిని పుట్టించడం ఒకటి, చల్లగాలిని వేడిగాలితో కలపడం ఒకటి, ఈ మూడింటినీ ఎప్పుడెంత నడపాలో నిర్ణయించడం ఇంకొకటి. గ్యాస్‌కి సంబంధం ఉన్నది రెండోదానితోనే. మిగతా మూడింట్లో ఏది చెడినా సిలిండర్లు ఖాళీ చేసినా బండి చల్లబడదు.

చలి ఎక్కడ పుడుతుంది

ఇంజెక్షన్ ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా తగులుతుంది కదా. ద్రవం ఆవిరవుతూ చర్మంలోని వేడిని లాక్కుపోతుంది. కారు ఏసీ చేసేదీ ఇదే, కాకపోతే ఆవిరైనదాన్ని పారేయకుండా మళ్లీ ద్రవంగా మార్చి తిప్పుతూనే ఉంటుంది. కంప్రెసర్ గ్యాస్‌ని నొక్కి వేడెక్కిస్తుంది. రేడియేటర్ ముందుండే కండెన్సర్‌లో అది బయటి గాలికి వేడి వదిలేసి ద్రవమవుతుంది. సన్నటి రంధ్రమున్న ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాటగానే పీడనం ఒక్కసారిగా పడిపోయి, డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లో మరిగి ఆవిరవుతుంది. ఆ కాయిల్ మీదుగా బ్లోవర్ ఊదే గాలే మన ముఖానికి తగిలే చల్లగాలి.

ఇక్కడ ఒక అంకె గుర్తుంటే మిగతాదంతా తేలికవుతుంది. ఇప్పటికీ ఎన్నో కార్లలో ఉన్న ఆర్-134ఏ గ్యాస్ మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. పీడనం కొలిచే గేజ్ మీద సుమారు 28 పీఎస్ఐ దగ్గరైతే సున్నా డిగ్రీలకి మరుగుతుంది. అంటే పీడనాన్ని అదుపు చెయ్యడమే చలిని అదుపు చెయ్యడం. కాయిల్ సున్నాకి కాస్త పైన ఉండాలి. అంతకంటే దిగితే గాలిలో తేమ మంచుగా పేరుకుంటుంది, అది ఇంకో తలనొప్పి.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన దారిలో అదే గ్యాస్ తిరుగుతుంది. రబ్బరు పైపుల్లోంచీ, కంప్రెసర్ షాఫ్ట్ సీల్ నుంచీ ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా జారే మాట నిజమే. కానీ ఏటా నింపించుకోవాల్సి వస్తోందంటే ఎక్కడో లీకుందనే అర్థం. లీకు వెతక్కుండా నింపడం చిల్లు కుండలో నీళ్లు పొయ్యడమే. పైగా ఆ గ్యాస్ వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. ఒక కిలో ఆర్-134ఏ దాదాపు 1,400 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానమైన చేటు చేస్తుంది. అందుకే కొత్త కార్లు ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాస్‌కి మారుతున్నాయి. ఐరోపా సమాఖ్యలో 2017 నుంచి కొత్త కార్లలో 134ఏ వాడకమే లేదు.

బానెట్ ఎత్తకముందే తేలే సంగతులు

నా అనుభవంలో సగం జవాబు సీట్లో కూర్చునే దొరుకుతుంది.

ముందు వెంట్ దగ్గర చెయ్యి పెట్టి గాలి వేగం చూడండి. గాలి చల్లగానే ఉంది, కానీ మొదటి నుంచీ నీరసంగా వస్తోందంటే చలి పుట్టే చోట లోపం లేదు. క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడాలి. చాలా కార్లలో ఇది గ్లవ్‌బాక్స్ వెనక ఉంటుంది, స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. ఎండుటాకులు, దుమ్ము, దూదిలాంటి మురికితో బిగుసుకుపోయిన ఫిల్టర్ తీసేసి ఒకసారి ఏసీ వేసి చూస్తే తేడా అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఫ్యాన్ ఒకటి, రెండు, మూడు మీద తిరగట్లేదు, నాలుగు మీద మాత్రం హోరుమంటోందా? బ్లోవర్ రెసిస్టర్ కాలిపోయింది. చివరి స్పీడుకి కరెంటు రెసిస్టర్‌లోంచి పోకుండా నేరుగా మోటారుకి వెళుతుంది కాబట్టి అదొక్కటీ బతికుంటుంది. ఆ రెసిస్టర్‌ని చల్లబరిచేది కూడా బ్లోవర్ గాలే. అందుకని ఫిల్టర్ మూసుకుపోయిన బండ్లలోనూ, బ్లోవర్ మోటారు బిగుసుకుని ఎక్కువ కరెంటు లాగే బండ్లలోనూ కొత్త రెసిస్టర్ కూడా మళ్లీ మాడుతుంది. ఆటోమేటిక్ ఏసీ ఉన్న కార్లలో ఈ రెసిస్టర్ స్థానంలో ఒక ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది. అది పోతే ఫ్యాన్ ఒకే స్పీడులో ఇరుక్కోవచ్చు, తాళం తీసినా ఆగకపోవచ్చు.

మొదట బ్రహ్మాండంగా చల్లబడి, హైవే మీద అరగంట పోయాక గాలి క్రమంగా తగ్గిపోతోందా? ఏసీ పదిహేను నిమిషాలు ఆపి వేస్తే మళ్లీ మామూలవుతోందా? అయితే కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. గాలి దూరడానికి సందు లేక ఆగిపోతోంది. కాయిల్‌కి గుచ్చి ఉండే టెంపరేచర్ సెన్సర్ తప్పు చెబుతుండొచ్చు, ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, ఒక్కోసారి గ్యాస్ తక్కువైనా ఇలా జరుగుతుంది. గ్యాస్ తగ్గితే పీడనం పడిపోయి, కాయిల్ మొదటి భాగం సున్నా కిందకి దిగిపోతుంది. "మంచు కడుతోందంటే గ్యాస్ దండిగా ఉన్నట్టే" అనే మాట అందుకే నమ్మకూడదు.

పరుగు మీద చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగగానే వేడిగాలి వస్తోందంటే నా చూపు ముందు కండెన్సర్ ఫ్యాన్ మీదకి పోతుంది. బండి కదులుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరుస్తుంది, ఆగినప్పుడు ఫ్యాన్ తిరగాల్సిందే. ఏసీ వేసి, బానెట్ ఎత్తి, చెయ్యి దూరంగా ఉంచి చూడండి. ఫ్యాన్ అసలే తిరక్కపోతే ఫ్యూజు, రిలే, మోటారు చూడాలి. మెల్లగా తిరుగుతుంటే తొందరపడి తప్పు పట్టకండి, చాలా కార్లు అవసరాన్ని బట్టి స్పీడు మారుస్తాయి. కండెన్సర్ రేకుల మధ్య మట్టి, పురుగులు పేరుకున్నా ఇదే లక్షణం. తక్కువ ఒత్తిడితో నీళ్లు కొట్టి కడగాలి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఆ పల్చటి రేకులు వాలిపోయి గాలి దారే మూసుకుపోతుంది. నా కారులో కంప్రెసర్ ట్రాఫిక్‌లో ఆగిపోయింది కూడా ఇలాంటి గొడవ వల్లే: గ్యాస్ ఎక్కువై, బండి నిలబడినప్పుడు పీడనం హద్దు దాటితే ప్రెషర్ సెన్సర్ కంప్రెసర్‌ని ఆపేసేది. అది తన పని తాను చేసింది.

వేడి, చలి కలిసే చోట

డాష్‌బోర్డు లోపల ఒక పెద్ద ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది. అందులో కూలింగ్ కాయిల్‌తో పాటు హీటర్ కోర్ కూడా ఉంటుంది. చాలా కార్లలో ఇంజన్ నడుస్తున్నంతసేపూ హీటర్ కోర్‌లో కూలెంట్ కాగుతూనే ఉంటుంది. మీరు 24 డిగ్రీలు అడిగారనుకోండి, ఏసీ ముందు గాలిని చల్లబరిచి, ఆ తర్వాత అందులో కొంత భాగాన్ని హీటర్ కోర్ మీదుగా పంపి కలుపుతుంది. ఆ భాగం ఎంతో తేల్చేది బ్లెండ్ ఫ్లాప్ అనే తలుపు. దాన్ని తిప్పేదే నా కారులో పళ్లూడిన ఆ చిన్న మోటారు, యాక్చువేటర్ అంటారు. రెండు వైపులా వేర్వేరు టెంపరేచర్ పెట్టుకునే కార్లలో ఇలాంటి తలుపులు రెండుంటాయి. అందుకే ఒకవైపు చలి, ఒకవైపు ఉక్క.

ఇక్కడే ఒక పితలాటకం ఉంది. గ్యాస్ బాగా తగ్గినప్పుడు కూడా ఒకవైపు ఎక్కువ చల్లగా, ఇంకోవైపు తక్కువ చల్లగా రావచ్చు, ఎందుకంటే కాయిల్‌లో కొంత భాగమే చల్లబడుతుంది. నా కారుకి మొదట గ్యాస్ పట్టినవాళ్ల ఊహ పూర్తిగా నిరాధారమైంది కాదన్నమాట. కానీ రెంటినీ విడదీసే పరీక్ష చాలా సులువు. ఇంజన్ రాత్రంతా చల్లారాక, తెల్లవారి బండి తియ్యగానే ఏసీ వేయండి. కూలెంట్ ఇంకా వేడెక్కలేదు కనక ఫ్లాప్ ఎటున్నా కలపడానికి వేడి లేదు. అప్పుడు రెండు వైపులా సమానంగా చల్లగా వచ్చి, ఇంజన్ వేడెక్కే కొద్దీ ఒకవైపు చెడుతోందంటే తప్పు ఫ్లాప్‌దే. మొదటి నుంచీ తేడా ఉంటే అప్పుడు గ్యాస్ సంగతి చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే నాకు రెండు ఫిల్లింగులు తప్పేవి.

యాక్చువేటర్ మార్చాక చాలా కార్లలో దానికి తలుపు రెండు కొసలూ ఎక్కడున్నాయో నేర్పించాలి, క్యాలిబ్రేషన్ అంటారు. బ్యాటరీ తీసి పెట్టాక ఏసీ పిచ్చిపిచ్చిగా ప్రవర్తించిందంటే కూడా ఒకోసారి కారణం ఇదే. పద్ధతి మోడల్‌ని బట్టి మారుతుంది.

లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఫ్లాప్ ఇరుక్కున్నా జనం గ్యాస్ మీద పడతారు. అది బయటి గాలి వైపే తెరుచుకుని ఉండిపోతే, మండే ఎండలో కాయిల్ ఎంత చల్లబరిచినా చాలదు. ఆ బటన్ నొక్కినప్పుడు బ్లోవర్ హోరులో మార్పు వినిపించాలి. ఏ మార్పూ లేదంటే తలుపు కదల్లేదు.

మెదడు పొరబడితే

1940 మోడల్ ప్యాకార్డ్ కార్లలో ఫ్యాక్టరీలోనే ఏసీ అమర్చడం మొదలైనప్పుడు కంప్రెసర్‌కి క్లచ్ కూడా లేదు. ఆపాలంటే ఇంజన్ ఆపి బెల్టు ఊడదియ్యాలి. 1964లో క్యాడిలాక్ ఆటోమేటిక్ క్లైమేట్ కంట్రోల్ తెచ్చింది. అంకె ఒకటి పెట్టేసి వదిలేస్తే మిగతాది కారే చూసుకునే సౌకర్యం అలా మొదలైంది. సౌకర్యంతో పాటు కొత్త రకం జబ్బులూ వచ్చాయి, ఎందుకంటే ఇప్పుడు నిర్ణయమంతా సెన్సర్లు చెప్పే మాట మీద ఆధారపడింది.

ముందు బంపర్ వెనక బయటి ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంటుంది. చిన్న దెబ్బకి దాని వైరు తెగితే కంప్యూటర్‌కి బయట మైనస్ 40 డిగ్రీలున్నట్టు కనిపిస్తుంది. గడ్డకట్టే చలిలో కంప్రెసర్ నడపకూడదని దానికి నేర్పారు, కాబట్టి నడపదు. గ్యాస్ నిండుగా ఉంది, కంప్రెసర్ భేషుగ్గా ఉంది, ఫ్యూజు బాగుంది, అయినా ఏసీ లేదు. మీటర్‌లో బయటి ఉష్ణోగ్రత అర్థంలేని అంకె చూపిస్తుంటే ముందు అక్కడికే పొండి.

డాష్‌బోర్డు మీద చిన్న జల్లెడలాంటి రంధ్రాల వెనక క్యాబిన్ సెన్సర్ ఉంటుంది. లోపలి గాలిని దాని మీదకి లాగే చిన్న ఫ్యానో గొట్టమో పాడైనా, దుమ్ము పట్టినా, అది క్యాబిన్‌లో వేడికి బదులు డాష్‌బోర్డు వేడి చెబుతుంది. అద్దం దగ్గర గుండ్రటి బొడిపెలా ఉండేది ఎండ తీవ్రత చూసే సెన్సర్. దాని మీద కాగితాలో గుడ్డో పడి ఉంటే కారుకి రాత్రయినట్టే.

లోపం మెదడుదా, చలి యంత్రానిదా అని తేల్చుకోవడానికి టెంపరేచర్‌ని చిట్టచివరి వరకు, తెరమీద "ఎల్ఓ" అని వచ్చేదాకా తగ్గించండి. అక్కడ చాలా కార్లు లెక్కలన్నీ పక్కన పెట్టి ఫ్లాప్‌ని పూర్తి చలి వైపు తిప్పేస్తాయి. ఎల్ఓలో గడగడలాడించి, 24లో పెడితే మాత్రం అస్తవ్యస్తంగా ఉంటే గేజ్‌లు బయటకు తియ్యాల్సిన పనే లేదు. ఏసీ కంట్రోల్ యూనిట్‌ని చదవగలిగే స్కానర్ కావాలి. ఇంజన్ కోడ్‌లు మాత్రమే చదివే చిన్న స్కానర్‌కి చాలా కార్లలో ఏసీ యూనిట్ కనిపించదు, "ఏ ఫాల్ట్ కోడూ లేదు" అన్న మాట అక్కడ ఏమీ రుజువు చెయ్యదు.

కంప్రెసర్, గేజ్‌లు

క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, దాని ముందున్న పళ్లెం మాత్రం ఏసీ వేశాక టక్ మని అతుక్కుని తిరుగుతుంది. అతుక్కోకపోతే ఫ్యూజు చూసి, పక్కనే ఉన్న అదే రకం రిలేని మార్చి పెట్టి చూడొచ్చు. పొద్దున బాగా పనిచేసి, ఇంజన్ బాగా వేడెక్కాక ఆగిపోయి, చల్లారితే మళ్లీ పనిచేస్తోందంటే పళ్లేనికీ పుల్లీకీ మధ్య సందు అరిగి పెరిగిందని అనుమానించాలి. ఆ సందు సాధారణంగా అర మిల్లీమీటరుకి అటూఇటూ ఉంటుంది. పళ్లేన్ని లాగే విద్యుదయస్కాంతం వేడెక్కితే బలం తగ్గి అంతదూరం లాగలేదు. కొన్ని కంప్రెసర్లలో ఒక పల్చటి వాషర్ తీసేస్తే సరిపోయే పనికి కంప్రెసర్ మొత్తం మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. క్లచ్ లేని కొత్తరకం కంప్రెసర్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి, లోపలి వాల్వే ఎంత పంపాలో చూస్తుంది. వాటిలో టక్ శబ్దం కోసం ఎదురుచూడకండి.

గేజ్‌లు పెట్టేటప్పుడు జరిగే పెద్ద పొరపాటు ఇది: ఇంజన్ ఆపి ఉన్నప్పుడు పీడనం బాగుంది కాబట్టి గ్యాస్ సరిపడా ఉందనుకోవడం. ఆపి ఉన్నప్పటి పీడనం ఉష్ణోగ్రతని బట్టి ఉంటుంది, బరువుని బట్టి కాదు. 30 డిగ్రీల వేడిలో ఆర్-134ఏ సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల కాస్తంత ద్రవం మిగిలున్నా అంతే, నిండుగా ఉన్నా అంతే. బాగా తక్కువ చూపిస్తే దాదాపు ఖాళీ అయినట్టు, అంతవరకే అది చెప్పగలదు.

నడుస్తున్నప్పుడు కంప్రెసర్‌లోకి గ్యాస్ వచ్చే వైపు (లో సైడ్), అది నొక్కి పంపే వైపు (హై సైడ్) పెట్టిన రెండు గేజ్‌లనీ కలిపి చదవాలి. రెండూ తక్కువగా ఉంటే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువగా ఉంటే గ్యాస్ ఎక్కువైంది, లేదా కండెన్సర్‌కి గాలి తగలట్లేదు. లో సైడ్ ఎక్కువగా, హై సైడ్ తక్కువగా ఉండి రెండూ దగ్గరికొస్తే కంప్రెసర్ నొక్కలేకపోతోంది. లో సైడ్ సున్నా దాటి వ్యాక్యూమ్‌లోకి దిగిపోతుంటే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గరో, దారిలో ఇంకెక్కడో అడ్డం పడింది. బయటి వేడిని బట్టి ఈ అంకెలు చాలా మారతాయి కాబట్టి ఒక్క గేజ్ చూసి తీర్పు చెప్పేవాళ్లని నేను నమ్మను.

లీకు నిజంగా ఉంటే అది తరచూ తన జాడ వదులుతుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా బయటికొస్తుంది, జాయింట్ దగ్గర జిడ్డుగా, దుమ్ము అంటుకుని కనిపిస్తుంది. కనిపించకపోతే నైట్రోజన్ ఎక్కించి సబ్బునురగతో చూడటం, అల్ట్రావయొలెట్ డై, ఎలక్ట్రానిక్ డిటెక్టర్ లాంటి దారులున్నాయి. లోపలున్నదంతా లాగేసి వ్యాక్యూమ్ పట్టి "గేజ్ ముల్లు కదల్లేదు, లీకు లేదు" అంటే సరిపోదు. వ్యాక్యూమ్ పరీక్షలో బయటి నుంచి లోపలికి తోసేది ఒక్క వాతావరణ పీడనమే, నడిచేటప్పుడు లోపలి నుంచి బయటికి తోసేది దానికి పది పదిహేను రెట్లు. డబ్బాల్లో దొరికే లీక్ సీలర్ మాత్రం పొయ్యనివ్వకండి. అది వాల్వ్‌లో గడ్డకడుతుంది, వర్క్‌షాపు యంత్రాలనీ పాడుచేస్తుంది. నింపడం ఎప్పుడూ తూకం ప్రకారమే. కారులో పట్టే గ్యాస్ మొత్తం తరచూ అర కిలోకి అటూఇటూ ఉంటుంది కనక వంద గ్రాముల తేడా చిన్నదేమీ కాదు.

ఈ పనులు ఇంట్లో చెయ్యొద్దని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. ద్రవ గ్యాస్ కంట్లో పడితే కన్ను గడ్డకట్టి పోతుంది. గాల్లోకి వదలడం చాలా దేశాల్లో నేరం. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో కంప్రెసర్ వందల వోల్టుల మీద నడుస్తుంది, నారింజరంగు కేబుల్ కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోవాల్సిందే. వాటిలో చాలావాటికి కరెంటు పారనివ్వని పీఓఈ నూనె వాడతారు. మామూలు కార్లలో వేసే పీఏజీ నూనె కొద్దిగా కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని, కారు భద్రత కోసం కంప్రెసర్‌నే ఆపేయొచ్చు. అలాంటి కారు ఇచ్చేముందు గ్యాస్ నింపే యంత్రంలో ఏ నూనె ఉందో అడగండి, వర్క్‌షాపువాళ్లు నొచ్చుకున్నా ఫరవాలేదు.

నీళ్లు, వాసనలు

ఏసీ వేసుకుని ఆగిన కారు కింద నీటి చుక్కలు పడితే సంతోషించాలి, తేమ సరిగ్గా బయటకు పోతోంది. అవి కారు కిందకి బదులు కాళ్ల దగ్గర కార్పెట్‌లో చేరుతుంటే డ్రెయిన్ గొట్టం మూసుకుపోయింది. ముట్టుకుని వాసన చూడండి: మామూలు నీరైతే డ్రెయిన్, కాస్త తియ్యటి వాసనతో జిగటగా ఉండి అద్దాల లోపల పొగలాంటి పొర కడుతుంటే హీటర్ కోర్ కారుతోంది. రెండోది ఇంజన్‌కి కూడా ప్రమాదం, కూలెంట్ తగ్గిపోతుంటుంది. ఏసీ వేయగానే ముక్కిన వాసన వస్తుంటే తడి కాయిల్ మీద పెరిగే బూజు అది. దిగడానికి కొద్ది నిమిషాల ముందు ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రం నడిపితే కాయిల్ ఆరుతుంది.

పని పూర్తయిందని చెప్పినప్పుడు బండి తీసుకునే ముందు నేనొక చిన్న థర్మామీటర్ మధ్య వెంట్‌లో గుచ్చుతాను. పూర్తి చలి, రీసర్క్యులేషన్ ఆన్, ఇంజన్ 1,500 ఆర్‌పీఎం దగ్గర, ఐదు నిమిషాలు. బయట ఓ మోస్తరు వేడిలో చాలా కార్లు పది డిగ్రీల లోపుకి దిగుతాయి. గాలిలో తేమ ఎక్కువున్న రోజు ఇంకాస్త పైనే ఆగుతుంది. ఆ అంకె, ఆ రోజు బయటి వేడి, ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని గ్రాములు నింపారు, ఈ నాలుగూ బిల్లు మీదే రాయించుకుంటాను. వచ్చే వేసవిలో అనుమానమొస్తే పోల్చుకోవడానికి ఆ కాగితమే చాలు.